పాపంలో ఎవరి వాటా ఎంత?

(పాఠకుల ప్రశ్నలకు మా శీర్షిక నిర్వాహకురాలి జవాబులు. ఆవిడ విశాఖపట్నంలో వృక్షశాస్త్రం లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ అడవి గురించే.)

ప్రశ్న: నమస్కారం మేడమ్. రైల్వేలో చేసి రిటైరయ్యాను. మొన్న ఏప్రిల్‌లో కుటుంబంతో అరకు వెళ్లాం. అనంతగిరి దాటాక కొండల మీద అక్కడక్కడా నల్లగా కాలిన నేల చెక్కలు కనిపించాయి. "ఇదంతా గిరిజనుల పోడు సార్. అడవిని తినేస్తున్నది వీళ్లే" అన్నాడు కారు డ్రైవర్. డిగ్రీ చదువుతున్న మా మనవరాలు ఊరుకోలేదు. "అదేం కాదు, మనందరం సమానంగా బాధ్యులమే" అని వాదన పెట్టుకుంది. ఇంటికొచ్చినా నాకు తెగలేదు. ఎవరిది రైటు?
– విశ్రాంత ఉద్యోగి, గోపాలపట్నం

జవాబు: అన్నయ్యగారూ, మీరు ఏమనుకున్నా సరే, నాకు డ్రైవర్ మాట కన్నా మీ మనవరాలి మాటతోనే పేచీ ఎక్కువ. డ్రైవర్ ఒకరి వైపు వేలు చూపించాడు. అది తప్పో ఒప్పో తేల్చొచ్చు. "అందరం సమానంగా బాధ్యులం" అంటే మాత్రం ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. పర్యావరణ దినోత్సవం మీటింగుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! అనగానే అందరూ తలలూపుతారు. ఆ తర్వాత టీ, సమోసా.

ముందు ఆ నల్లటి చెక్కల సంగతి చూద్దాం. పోడంటే ఇదీ: ఎండాకాలంలో తుప్పలు, చెట్లు నరికి, ఎండనిచ్చి, తొలకరికి ముందు నిప్పు పెడతారు. ఆ బూడిదే ఎరువు. వాన పడ్డాక చోళ్లు, సామలు, కందులు, జొన్నలు కలిపి వేస్తారు. రెండు మూడేళ్లు పండించుకుని ఆ చెక్క వదిలేసి పక్కకు పోతారు. ఈసారి వెళ్లినప్పుడు బండి ఆపించి కాస్త పైకెక్కి చూడండి. మోకాలెత్తున మొదుళ్లు ఉంటాయి, ఎవరూ వేళ్లతో పెకలించరు. వాన పడితే ఆ మొదుళ్లకే ఎర్రటి చిగుళ్లు వస్తాయి. చుట్టూ అంతా కాలినా ఇప్ప, చింత, పనస, జీలుగు చెట్లు మధ్యలో నిలబడే ఉంటాయి. ఒకచోట జీలుగు చెట్టు చుట్టూ ఎండుటాకంతా చీపురుతో ఊడ్చి, మంట దరికి రాకుండా నేలను బోడిగా చేసి ఉంచడం నేను చూశాను. అడవిని తినేసేవాడు అంత ఓపికగా చీపురు పట్టడు.

అలాగని పోడు మంచిదని సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. ఆ పద్ధతి నిలవాలంటే వదిలేసిన కొండకు చాలా ఏళ్ల విశ్రాంతి కావాలి. ఇప్పుడు అన్నేళ్లు ఆగడానికి జాగా లేదు, మూడు నాలుగేళ్లకే మళ్లీ అదే చెక్క మీద కత్తి పడుతోంది. మొదుళ్లు చచ్చిపోతున్నాయి, పైమట్టి గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి జారిపోతోంది. ఇవాళ్టి పోడు కొండకు చేటే చేస్తోంది.

జాగా ఎందుకు లేకపోయింది? 1882 మద్రాసు అటవీ చట్టంతో మొదలు. అప్పటిదాకా తిరిగిన కొండలకు రిజర్వ్ అని గీతలు పడ్డాయి, పోడు నేరమైంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన కథ మనకు సినిమా పాటలతో సహా తెలుసు. దాని వెనక ఈ పోడు నిషేధం, రోడ్ల పనుల వెట్టి ఉన్నాయని చెప్పేవాళ్లు తక్కువ. స్వాతంత్ర్యం వచ్చాక 1950ల్లో మాచ్‌ఖండ్ కరెంటు కోసం డ్యామ్ కట్టి ఊళ్లు ముంచారు. 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. దాని గురించి మీకు నేను చెప్పేదేముంది! ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఇనుప ఖనిజం మన పోర్టు మీదుగా జపాన్ పంపడానికి వేసిన లైను అది. ఆ సొరంగాల్లోంచి వెళ్తూనే మనం ఇప్పుడు విస్టాడోమ్ బోగీలో కూర్చుని సెల్ఫీలు తీసుకుంటున్నాం.

నేను ఎవరి వాటా ఎంతో చూడాలంటే ఇలా అడుగుతాను: నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? లాభం ఎవరింటికి వెళ్లింది? వేరే దారి ఉండి కూడా చేశారా, దారి లేక చేశారా? పోడు రైతు ఏ లైను ఎటు పోవాలో చెప్పలేదు. అతనికి దక్కింది కొన్ని నెలల తిండిగింజలు. వేరే దారి చూపిస్తే పోయేవాడే. 2006 అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి ఆర్‌వోఎఫ్‌ఆర్ పట్టా చేతికొచ్చినవాళ్లలో చాలామంది కాఫీ, మిరియం, జీడిమామిడి వేసుకున్నారు. భూమి తనదని నమ్మకం కుదిరినవాడు ఏటేటా కత్తి పట్టుకుని కొండెక్కడు.

ఇక మన సంగతి. శారద, గోస్తనీ రెండూ ఆ కొండల్లోనే పుడతాయి. గోస్తనీ బొర్రా గుహల్లోంచే వస్తుంది. శారద మీద రైవాడ, గోస్తనీ మీద తాటిపూడి. ఆ రెండు రిజర్వాయర్ల నీళ్లూ ఈ నగరం తాగుతోంది. ఉక్కు ఫ్యాక్టరీకి ఖనిజం బైలాడిలా కొండల నుంచి, పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటుకు బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచి. మనం ఒక్క చెట్టూ నరకలేదు, నిజమే. నరకాల్సిన అవసరం మనకు రానివ్వలేదు, అంతే. మన తరఫున ఎవరో నరికి, తవ్వి, గుమ్మం దాకా తెచ్చిపెట్టారు.

దీనికి నేను ఏసీ కట్టేయమని చెప్పను. మీరొక్కరు కట్టేస్తే తాల్చేరులో ఒక్క చెట్టూ నిలబడదు. మనకున్నది వేరే బలం: ఓటు, నోరు, పత్రికకు ఉత్తరం రాసే చదువు. వాటిని ఎప్పుడు వాడామో చూసుకుంటే మన వాటా తెలుస్తుంది. బొర్రా చుట్టుపక్కల ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చినప్పుడు సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం కుదరదని 1997 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. ఏ వ్యక్తీ అక్కడి భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదనే భూ బదలాయింపు నిబంధనల్లో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా ఆ లెక్కలోకే వస్తుందని చెప్పింది. దేశమంతా చెప్పుకునే తీర్పు ఇది. పుట్టింది మన కొండల్లో. ఈ నగరంలో పది మందిని ఆపి అడగండి, ఒకరికి తెలిస్తే గొప్ప.

2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల అటవీ ప్రాంతాల్లో 1,212 హెక్టార్లలో బాక్సైట్ తవ్వడానికి జీవో 97 వచ్చింది. బాక్సైట్ ఉండేది ఆ కొండల నెత్తి మీద. వాన నీటిని పీల్చుకుని, ఊటలుగా మెల్లగా వదిలేది ఆ పొరే. మన్యం ఊరూరా అడ్డం తిరిగింది, చివరికి 2019లో అనుమతులు రద్దయ్యాయి. ఆ నాలుగేళ్లూ ఆ కొండల నీళ్లు తాగుతున్న మనం ఏం చేశాం? అప్పుడు కాలేజీ స్టాఫ్ రూములో దీని మీద చర్చ పెడితే "మనకెందుకు మేడమ్, అది ఏజెన్సీ విషయం" అన్నవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో నగరం వాటా ఆ "మనకెందుకు"లో ఉంది, మీ ఏసీలో కాదు.

మీ మనవరాలికి నా ఆశీస్సులు. "అందరం" అన్న మాట ఉంచుకుని "సమానంగా" అన్నది కొట్టేయమనండి.

ప్రశ్న: మేడమ్, నేను ఇంజనీరును. ఒక ప్రాజెక్టులో అడవి పోతే దానికి రెట్టింపు విస్తీర్ణంలో మొక్కలు నాటించడం చట్టమే. ప్రభుత్వ రిపోర్టుల్లో చెట్ల విస్తీర్ణం పెరుగుతున్నట్టే కనిపిస్తోంది. ఇంకా ఈ గొడవెందుకు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: చట్టం మీరన్నంత సూటిగా లేదు బాబూ. అడవి కాని భూమి దొరికితే పోయినంత విస్తీర్ణమే చాలు. దొరకని సందర్భాల్లో పాడైపోయిన అటవీ భూమి తీసుకుంటే రెట్టింపు నాటాలి. 1980 అటవీ పరిరక్షణ చట్టం కింద వచ్చిన పద్ధతి ఇది. డబ్బు సంగతి చూడ్డానికి 2016లో విడిగా ఇంకో చట్టం చేశారు.

రిపోర్టుల సంగతి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్క కడుతుంది. హెక్టారుకు పైన జాగా ఉండి, అందులో పదో వంతు నేలకు చెట్ల నీడ ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది అన్న పట్టింపు లేదు. కనక అనకాపల్లి వైపు జీడితోట, భీమిలి తీరాన సరుగుడు తోట కూడా అందులో కలుస్తాయి. అది మోసమని నేననను. పైనుంచి చూసే యంత్రానికి పచ్చదనం కనిపిస్తుంది, అంతకుమించి దాన్ని అడగకూడదు. ఆ అంకె పట్టుకొచ్చి "అడవి పెరిగింది" అనే మనుషులతోనే నా తగువు.

మన్యం సంతల్లో అడ్డాకుల కట్టలు చూసే ఉంటారు, విస్తళ్లు కుట్టే ఆకు. అది చెట్టు కాదు, తీగ. తొడంత లావు కాండంతో పెద్ద చెట్ల నెత్తికెక్కి అక్కడ ఆకు పరుస్తుంది. పైన పాకడానికి ముదురు చెట్టు ఉంటేనే దాని బతుకు. ఆ ఆకు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి అమ్మితేనే ఎన్నో ఇళ్లలో ఉప్పూ నూనే వస్తాయి. పోయిన అడవికి బదులుగా వేసిన ఏ తోటలోనైనా ఎవరైనా అడ్డతీగ నాటడం చూశారా? నేను చూడలేదు. వరసల్లో నీలగిరి, సుబాబుల్, టేకు. పైగా ఆ తోట వేసేది పోయినచోట కాదు, జాగా ఎక్కడ దొరికితే అక్కడ. అడ్డాకు పోగొట్టుకున్న ఆవిడకు పక్క జిల్లాలోని నీలగిరి తోటతో ఏం పని? ఇంట్లో నాయనమ్మను పంపించేసి, బదులుగా ఇద్దరు పసిపిల్లల్ని ఇచ్చాం, సంఖ్య పెరిగింది కదా అన్నట్టుంటుంది.

ఇంకో ముచ్చట. మీ ఫ్యాక్టరీలో హరితవనం కార్యక్రమం జరిగే ఉంటుంది. ఆ మొక్కల్లో వాడిపోయినదాన్ని ఒకటి మెల్లగా పీకి చూడండి. చాలాసార్లు నల్లటి పాలిథిన్ సంచి అలాగే ఉంటుంది. లోపల వేళ్లు సంచి అడుగున గుండ్రంగా చుట్టుకుపోయి, తమని తామే ఉరేసుకున్నట్టు ఉంటాయి. ఫోటోకు టైమవుతోందని సంచి చింపకుండానే గోతిలో పెట్టేస్తారు. లెక్కలో మాత్రం అదీ ఒక మొక్కే.

ప్రశ్న: చెట్టుకు నొప్పి తెలియదు, ఆలోచన లేదు. అలాంటప్పుడు దాని పట్ల నైతిక బాధ్యత అనడం సెంటిమెంటు కాదా? మనిషికి నష్టం జరిగితేనే కదా తప్పు?
– పీజీ విద్యార్థి, ఆంధ్ర విశ్వవిద్యాలయం

జవాబు: ప్రశ్న బాగుంది నాయనా, పరీక్షలో నేనే ఇచ్చేదాన్ని. నొప్పి ఒక్కటే కొలత అనుకుంటే కంబాలకొండ అడవిలో ఒంటినిండా పొలుసులుండే అలుగు అనే జంతువు నీ లెక్కలోకి వస్తుంది, అది ఉండే గుంట, తినే చీమలపుట్ట, ఆ పుట్టకు ఆధారమైన ఎండుకొమ్మ రావు. అవేవీ లేకుండా అలుగును మాత్రం ఎలా కాపాడతావో చెప్పు. వాదనలో విడదీయగలిగినవన్నీ కొండ మీద విడిగా ఉండవు.

మన్యంలో మామిడి కొత్త అని ఒక పండగ చేస్తారు. ఆ పండగ అయ్యేదాకా కొత్త మామిడికాయ ఎవరూ ముట్టరు. దేవత కోపగిస్తుందనేది వాళ్ల నమ్మకం. కాయ ముదిరి టెంక గట్టిపడేదాకా కోయకపోతే మొలకెత్తే గింజలు మిగులుతాయనేది నా వృక్షశాస్త్రం. ఈ రెంటిలో ఏది అసలు కారణమని నన్నడక్కు. చెట్టుకు నొప్పి తెలుసా లేదా అని ఆ ఊళ్లో ఎవరూ చర్చ పెట్టుకోలేదు, తీసుకునే ముందు ఆగడం మాత్రం నేర్చుకున్నారు. మన రాజ్యాంగం కూడా అడవుల్ని, జీవరాశిని కాపాడటం పౌరుడి విధి అని 1976లో 51ఎ అధికరణంలో రాసుకుంది. అక్కడ కూడా "మనిషికి నష్టం జరిగితేనే" అన్న షరతు లేదు.

ప్రశ్న: మా ఆయన ఆనందపురం వైపు కొండవాలులో ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చారు. వెళ్లి చూస్తే కొండను సగం తవ్వి మెట్లుగా చదును చేశారు. నాకు మనసొప్పడం లేదు. కొంటే మాకు పాపం తగులుతుందా?
– గృహిణి, మధురవాడ

జవాబు: పాపం సంగతి సింహాచలం అప్పన్న చూసుకుంటాడమ్మా, నేను కాగితాలు చూడమంటాను. లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ (విశాఖ నగరాభివృద్ధి సంస్థ) అనుమతి ఇచ్చిన ఎల్పీ నంబరు ఉందా? సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల్లో ఉందేమో రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. రిజర్వ్ ఫారెస్ట్ హద్దు ఎక్కడిదాకా వచ్చిందో అటవీ శాఖ డివిజన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. బ్రోకరు "అదంతా క్లియర్ అమ్మా" అంటే ఆ క్లియర్ కాగితం చేతిలో పెట్టమనండి. తర్వాత వానాకాలంలో ఒకసారి వెళ్లి, గెడ్డ ఎటు పారుతోందో మీ కళ్లతో చూడండి. గెడ్డ పూడ్చి వేసిన లేఅవుట్ అయితే, పెద్ద వానకు ఆ నీళ్లు మీ హాల్లోంచే పోతాయి.

ఇక్కడ మీ వాటా మొదటి ఉత్తరం రాసిన పెద్దాయన వాటా కన్నా పెద్దదే. కొనేవాళ్లున్నారనే కదా వాళ్లు కొండ తవ్వేది. అడ్వాన్సు పోతే పోయిందని వెనక్కి రాగలిగితే రండి. మీ ఆయనకు ఈ పేజీ చూపించండి, తిట్లు నాకే రానివ్వండి.

ప్రశ్న: అరకు కాఫీ కొంటే అడవికి మేలు చేసినట్టేనా?
– కాఫీ ప్రియుడు, సీతమ్మధార

జవాబు: బోడికొండ మీద పోడు కన్నా నీడలో పెరిగే కాఫీ మేలే. మట్టి నిలుస్తుంది, రైతుకు ఏటా నాలుగు డబ్బులు కనిపిస్తాయి. అయితే ఆ నీడ చాలాచోట్ల సిల్వర్ ఓక్‌ది, ఆస్ట్రేలియా చెట్టు. దాన్ని అడవి అనుకోవద్దు. పనస, మామిడి, నేరేడు నీడలో పండిన కాఫీ దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. యూరప్ వాళ్లు 2023లో చేసిన చట్టం ప్రకారం, 2020 చివరి తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన కాఫీ వాళ్ల మార్కెట్‌లోకి రాకూడదు. తోట ఎక్కడుందో మ్యాపు మీద చూపించాలి. ఆ కాగితాల బరువంతా చివరికి అరెకరం గిరిజన రైతు నెత్తిన పడుతుందేమోనన్నది నా భయం.

ప్రశ్న: మేడమ్, నేను ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. మా ఊరి కొండ మీద పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు వస్తుందని సర్వే వాళ్లు తిరుగుతున్నారు. ఇది కాలుష్యం లేని కరెంటు, దేశానికి మంచిదంటున్నారు. మా వాళ్లేమో అడవి, భూములు పోతాయని భయపడుతున్నారు. మంచి పనికి అడ్డం పడటం తప్పవుతుందా?
– ఉపాధ్యాయుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మాస్టారూ, వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కొండ పైన ఒక చెరువు, కింద ఒక చెరువు కడతారు. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, సాయంత్రం అందరూ లైట్లు వేసే వేళకు కిందికి వదిలి కరెంటు తీస్తారు. బొగ్గు తగ్గాలంటే ఇలాంటివి కావాలి. కానీ ఆ కరెంటుతో వెలిగేది మా ఇళ్లు, మునిగేది మీ కొండ. పని మంచిదైతే అడగనక్కర్లేదని ఎక్కడా లేదు. ఇంకాస్త మర్యాదగా అడగాలి. సోలార్ పేరు చెప్పి మిమ్మల్ని అడగకుండా చేస్తే, బొగ్గు పేరు చెప్పి చేసినదానికీ దీనికీ మీ ఊరి వైపు నుంచి తేడా ఏముంది?

ఒప్పుకోవాలో వద్దో నేను చెప్పను, అది మీ ఊరి హక్కు. 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం), 2006 అటవీ హక్కుల చట్టం రెండూ గ్రామసభకు ఆ బలం ఇచ్చాయి. పక్కన ఒడిశాలో నియమగిరి కొండల బాక్సైట్ విషయం తేల్చమని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకే అప్పగించింది. 12 ఊళ్లలో సభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది.

మీరు చేయాల్సింది రాతపని. ముందు ఊళ్లో ఎవరి సాగు భూమికి పట్టా రాలేదో, ఏ కొండను ఊరంతా ఉమ్మడిగా వాడుకుంటున్నారో రాసి అటవీ హక్కుల కమిటీకి ఇప్పించండి. హక్కు కాగితం మీదికి ఎక్కకముందే భూమి పోతే నష్టపరిహారం అడగడం కూడా కష్టం. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. కోరం లేని సభలో పెట్టిన సంతకాలు ఎవరు చూపించినా ఒప్పుకోకండి. పబ్లిక్ హియరింగ్ పెట్టాల్సిన ప్రాజెక్టయితే 30 రోజుల ముందు పేపర్లో నోటీసు రావాలి, రిపోర్టు సారాంశం తెలుగులో ఇవ్వాలి. తెలుగు కాపీ ఇచ్చేదాకా అడుగుతూనే ఉండండి. చదవడం రానివాళ్లకు మీరే సాయంత్రం పూట చదివి వినిపించండి. తీర్మానం ఎటు అయినా సరే, తేదీతో, వేలిముద్రలతో రిజిస్టరులో ఎక్కించండి. ఆ రిజిస్టరు ఊరు దాటనివ్వకండి. ఎంత పెద్ద ఆఫీసరు అడిగినా జెరాక్సే ఇవ్వండి.